ముఖం చూడని స్నేహితులు, ఇంట్లోనే ఉన్న కొడుకు

ప్రశ్న: మాది విజయనగరం. మా అబ్బాయికి 28 ఏళ్ళు. బెంగళూరు కంపెనీకి నాలుగేళ్ళుగా ఇంటి నుంచే పని చేస్తున్నాడు. పని అయ్యాక తలుపు వేసుకుని అర్ధరాత్రి దాకా ఎవరెవరితోనో ఫోన్‌లో ఆటలు. ఆ నలుగురే తన ప్రాణ స్నేహితులంటాడు. వారిలో ఒకరి చెల్లెలి పెళ్ళికి కటక్ వెళతానంటున్నాడు. అదే వారంలో మా ఆడపడుచు గారి గృహప్రవేశానికి మాత్రం రానంటున్నాడు. నిరుడు మా వారికి గుండె ఆపరేషన్ అయినప్పుడు విశాఖలో ఉండే ఆ ఆటల అబ్బాయి ఒకడు రక్తం ఇచ్చి వెళ్ళాడట, నేను చూడలేదు. ముఖం చూడనివాళ్ళు స్నేహితులెలా అవుతారండీ? మా గుంటడు చేయి దాటిపోతాడేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయిన సంగతి దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ విశాఖ అబ్బాయి తన పని మానుకుని, ముక్కూ ముఖం తెలియని పెద్దాయన కోసం ఆసుపత్రికి వచ్చి, రక్తం ఇచ్చి, మీ చేత ఒక మంచి మాటైనా అనిపించుకోకుండా వెళ్ళిపోయాడు. స్నేహానికి ఇంతకంటే గట్టి రుజువు ఒకే వీధిలో పుట్టి పెరిగినవారి మధ్య కూడా తరచుగా దొరకదు.

ఇలాంటి స్నేహం ఆటలో ఎలా పుడుతుందని మీకు అనిపించవచ్చు. జట్టుగా ఆడే ఆటల్లో ఆడినంతసేపూ మాటలు నడుస్తూనే ఉంటాయి. ఒకరు దెబ్బతిని పడిపోతే మరొకరు తానూ పడిపోయే ప్రమాదం ఉన్నా వెళ్ళి లేపాలి. అలా కొన్ని రాత్రులు గడిచేసరికి ఎవరికి ఓర్పు ఉందో, ఎవరు ఓడగానే తిట్లకు దిగుతారో, ఎవరు తప్పును తన మీద వేసుకుంటారో అందరికీ తెలిసిపోతుంది. ఆట ఆటకు మధ్య దొరికే విరామంలో ఇంటి సంగతులు, ఉద్యోగపు బాధలు బయటికి వస్తాయి. ఇంటి నుంచి చేసే ఉద్యోగంలో ఈ అవకాశమే ఉండదు. క్యాంటీన్ కబుర్లు లేని చోట వీడియో మీటింగ్ పని మాటతో మొదలై పని మాటతోనే ముగుస్తుంది. అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. అందులోనూ కలిసి పని చేసిన గంటలకు అంత బలం ఉండదట. ఆఫీసు ఇవ్వలేని ఆ గంటలను మీ అబ్బాయి ఆటలో వెతుక్కున్నాడని నేను అనుకుంటున్నాను.

నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడు కండరాల క్షీణత వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమై, 2014లో 25 ఏళ్ళకే కన్నుమూశాడు. బిడ్డ స్నేహమంటే ఏమిటో ఎరగకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోతున్న సమయంలో, 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటలో అతనితో ఏళ్ళ తరబడి గడిపినవారి నుంచి ఉత్తరాలు వచ్చాయి. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకే వచ్చారు. ఆ తల్లిదండ్రులకు అంత ఆలస్యంగా తెలిసింది. మీకు ఇప్పుడే తెలుసుకునే వీలుంది కాబట్టే ఈ సంగతి చెబుతున్నాను.

మన ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టరికం లేని ఇద్దరు నేస్తం కట్టుకుంటే, పండగకూ పబ్బానికీ రెండు ఇళ్ళూ కలిసేవి. అందులో ఒక మేలు ఉంది: ఆ స్నేహం ఇంటివారందరి ఎదుట నడిచేది. మీ అబ్బాయి స్నేహానికి లేనిది అదొక్కటే.

డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆ ఆటలో పందెం ఉందా, ఆ నలుగురిలో ఎవరైనా తరచుగా అప్పు అడుగుతున్నారా అని నేరుగా అడగండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. ఎప్పుడైనా మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని అతనికి చెప్పి ఉంచండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు అలాంటి ఛాయలేవీ కనిపించలేదు.

మీ అసలు బాధ ఆ నలుగురి గురించి కాదేమోనని నాకనిపిస్తోంది. ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు మీతో మాట్లాడడం లేదు. ఈ రెండింటినీ దయచేసి విడదీసి చూడండి. 'వాళ్ళు స్నేహితులే కారు' అన్న ప్రతిసారీ, తండ్రికి రక్తమిచ్చిన మనిషిని మీరు తీసిపారేస్తున్నట్టు అతనికి వినిపిస్తుంది, తలుపు మరింత గట్టిగా మూసుకుంటుంది. 'నువ్వు మాతో కూర్చుని భోంచేసి చాలా రోజులైంది, నాకు బెంగగా ఉంది' అంటే దానికి అతని దగ్గర ఎదురు వాదన ఉండదు. రాత్రి భోజనం అయ్యాకే ఆట అని ఒక్క నియమం అడగండి, అంతకంటే ఎక్కువ అడగవద్దు.

పెళ్ళికి పంపించండి. కటక్ మీ ఊరి మీదుగా వెళ్ళే హౌరా లైన్‌లోనే ఉంది. బస ఎక్కడో, పెళ్ళివారి ఫోన్ నంబరు ఏమిటో రాసి ఇచ్చి వెళ్ళమనండి. పెళ్ళికూతురికి ఒక చీర మీరే కొని ఇవ్వండి. రెండు శుభకార్యాలూ ఒకే రోజున పడకపోతే, మేనత్త ఇంటికి ఒక్క పూటైనా వచ్చి వెళ్ళమని కోరండి. మేనత్త పట్ల అతనికీ బాధ్యత ఉంది, దాన్ని కాదనే హక్కు ఆటకూ ఉద్యోగానికీ లేదు. ఆ విశాఖ అబ్బాయి ఫోన్ నంబరు అడిగి తీసుకుని మీరూ మీ వారూ స్వయంగా మాట్లాడండి. దసరా తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చి మీ ఇంట్లో భోజనం చేసి వెళ్ళమని పిలవండి.