మీ అమ్మాయి చెప్తున్న ఆర్కిటెక్ట్ వేరు, మీ మేనల్లుడు వేరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఆర్కిటెక్ట్ అవుతానంటోంది. మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో సొల్యూషన్ ఆర్కిటెక్ట్, జీతం బాగా వస్తుంది కాబట్టి మాకేం అభ్యంతరం లేదు. బీఆర్క్‌లో చేర్పిస్తే అలాంటి ఉద్యోగం వస్తుందా? ఈఏపీసెట్‌లో ఎంత ర్యాంకు రావాలి? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: సార్, ముందు సూటిగా చెప్పేస్తాను. బీఆర్క్ చదివితే మీ మేనల్లుడి ఉద్యోగం రాదు. ఈఏపీసెట్ ర్యాంకుతో బీఆర్క్ సీటూ రాదు. మీరొక్కరే పొరబడ్డారని అనుకోకండి, ఈ ప్రశ్న నాకు ఏటా ఎండాకాలంలో వస్తూనే ఉంటుంది, తప్పు మీది కాదు, ఆర్కిటెక్ట్ అనే ఆ మాటది.

బీఆర్క్ చదివిన ఆర్కిటెక్ట్ అంటే బిల్డింగులు డిజైన్ చేసేవాళ్లు. గాలి, వెలుతురు ఎటు నుంచి రావాలి, మెట్లు ఎక్కడ పెట్టాలి, వందమంది ఒకేసారి బయటికి రావాలంటే దారి ఎలా ఉండాలి, ఇదీ వాళ్ల పని. (వాస్తు చూసే సిద్ధాంతి గారి పని కాదు, ఆ ప్రశ్న కూడా వస్తుంటుంది.) మన దేశంలో ఈ పేరుకు చట్టం కాపలా ఉంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకుని ప్రాక్టీస్ చేయాలి. ఇళ్ల ప్లాన్లు గీసే పని ఇతరులూ చేసుకోవచ్చు గానీ ఆ పేరు మాత్రం పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. తమాషా ఏంటంటే, ఓడలు డిజైన్ చేసే నేవల్ ఆర్కిటెక్టునీ, తోటలూ ఖాళీ స్థలాలూ డిజైన్ చేసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టునీ ఆ చట్టమే పేరు పెట్టి మరీ మినహాయించింది. అంటే ఒకే మాటకి ఇన్ని అర్థాలున్నాయని చట్టం రాసినవాళ్లకి అప్పుడే తెలుసు. నేవల్ ఆర్కిటెక్చర్ మీద ఆసక్తి ఉంటే విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, దాని ఎంట్రన్స్ వేరు.

ఇక మీ మేనల్లుడి సంగతి. కంప్యూటర్లలోకి ఈ మాట ఎప్పుడో వచ్చింది. 1964లో ఐబీఎం సిస్టమ్/360 అనే కంప్యూటర్ల వరుసను రూపొందించినవాళ్లు, ప్రోగ్రాం రాసేవాడికి యంత్రం బయటికి ఎలా కనిపిస్తుందో దాన్ని ఆర్కిటెక్చర్ అన్నారు, లోపల తీగలూ సర్క్యూట్లూ ఎలా ఉన్నాయన్నది వేరే లెక్క. బీటెక్‌లో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అనే సబ్జెక్టు ఆ వరుసలోదే. సొల్యూషన్ ఆర్కిటెక్ట్ అనే పేరు ఇంకా తర్వాతిది: బ్యాంకుకో ఆస్పత్రికో ఒక సిస్టమ్ కావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ ముక్క ఎక్కడ ఉండాలి, డేటా ఎక్కడ దాచాలి, లక్షమంది ఒక్కసారి వచ్చి పడితే కూలిపోకుండా ఎలా ఉండాలి అని బొమ్మ గీసి చూపించే మనిషి. ఇది చాలావరకు చదివి సంపాదించే డిగ్రీ కాదు సార్, కొన్నేళ్లు కోడ్ రాసి, రెండు మూడు ప్రాజెక్టుల్లో దెబ్బలు తిన్నాక దక్కే హోదా. మీ మేనల్లుడినే అడగండి, మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫర్ లెటర్లో ఏమని ఉందో. అమీర్‌పేట బోర్డుల మీద కనిపించే క్లౌడ్ ఆర్కిటెక్ట్ సర్టిఫికెట్లు కూడా పరీక్ష పాసైనట్టు చెప్తాయి, అంతే, ఆ కుర్చీలో కూర్చోబెట్టవు.

తేడా జీతంలోనూ కనిపిస్తుంది, అది దాచి లాభం లేదు. బీఆర్క్ ఐదేళ్లు, అందులో కొంతకాలం ఏదైనా ఆఫీసులో ట్రైనింగ్. బయటికొచ్చిన మొదటి కొన్నేళ్లు మామూలుగా జీతం తక్కువే, పని గంటలు ఎక్కువే. మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన క్లాస్‌మేట్‌తో పోల్చుకుంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పేరొచ్చాక, సొంత ప్రాక్టీస్ పెట్టాక లెక్క మారొచ్చు, అందరికీ మారదు.

కాబట్టి అమ్మాయిని ఏమవుతావని కాకుండా, ఆర్కిటెక్ట్ అయి ఏం చేస్తావని అడగండి. నోట్‌బుక్ వెనక పేజీల్లో ఇళ్లూ మెట్లూ గీస్తుంటే, కొత్త ఇంటికి వెళ్లగానే గదులు ఎందుకు ఇలా కట్టారని గొణుగుతుంటే, ఆమె చెప్పేది బిల్డింగుల సంగతి. అప్పుడు బీఆర్క్ ఎంట్రన్స్ అయిన నాటా రాయించండి. ఎన్ఐటీలు, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కావాలంటే జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఎ రాయాలి, అందులో మ్యాథ్స్‌తో పాటు డ్రాయింగ్ ఉంటుంది, ఇంజినీరింగ్ కోసం రాసే పేపర్ 1 దీనికి పనికిరాదు. ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలకైతే జేఈఈ అడ్వాన్స్‌డ్ తర్వాత ఇంకో ఆప్టిట్యూడ్ టెస్ట్ కూడా. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి.

అలా కాకుండా మీ మేనల్లుడిలా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పెద్ద సిస్టమ్స్ గీయాలని ఉందంటే, మీరు అడిగిన ఈఏపీసెట్ సరైనదే, కంప్యూటర్ సైన్స్ చదవనివ్వండి. ఒకవేళ రెండూ ఒకటే అని ఆమె కూడా అనుకుంటుంటే, ఈ జవాబు ముందు ఆమె చేత చదివించండి. తర్వాత ఒక ఆదివారం మేనల్లుడి దగ్గర అరగంట కూర్చోబెట్టండి, మరో రోజు మీ ఊళ్లోనే ప్రాక్టీస్ చేసే ఆర్కిటెక్ట్ ఎవరైనా ఉంటే వాళ్ల ఆఫీసుకి తీసుకెళ్లండి. ఎక్కడ ఎక్కువ ప్రశ్నలు అడిగిందో చూసి నాకు మళ్లీ రాయండి, అప్పుడు కాలేజీల గురించి మాట్లాడుకుందాం.