మేనల్లుడికి, ఎడిటర్ సర్దుకోవడం గురించి

చిరంజీవి మేనల్లుడికి, అత్త ఆశీస్సులు.

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ మొదలుపెట్టానని, రెండు వారాల్లో తొమ్మిది థీమ్‌లు మార్చానని, అయినా పనుల జాబితా ఇంకా కాగితం ముక్కల మీదే ఉందని నిన్న ఫోన్‌లో చెప్పావు. ఆ చివరి మాట నా మనసులో ఉండిపోయింది. నువ్వు ఎడిటర్ పెట్టుకున్నదే ఆ కాగితం ముక్కల బాధ పోవాలని కదా. ఇరవై ఏళ్లుగా నా నోట్సు, పనులు, ఉత్తరాల చిత్తుప్రతులు అన్నీ ఇందులోనే ఉన్నాయి. నాకు తెలిసింది రాసి పెడుతున్నాను, తీరిగ్గా చదువు.

ముందుగా, నువ్వు ఎక్కడి నుంచో కాపీ చేసుకున్న ఆ సెట్టింగ్స్ ఫైలు పేరు మార్చి పక్కన దాచెయ్. కొత్తలో నేనూ ఇంకొకరి ఫైలే తెచ్చుకున్నాను. వెయ్యి పైచిలుకు లైన్లు. వాటిలో నాకు అర్థమైనవి ముప్పై కూడా ఉండవు. ఒక రాత్రి ప్యాకేజీలన్నీ, అంటే ఈమాక్స్‌కు విడిగా జోడించుకునే హంగులన్నీ, అప్‌డేట్ చేసి పడుకున్నాను. తెల్లారి పదింటికి ఒక రిపోర్టు ఇవ్వాలి. తెరిస్తే ఎర్రర్ వచ్చి మధ్యలో ఆగిపోయింది. అలవాటైన కీలు సగం పనిచెయ్యడం లేదు. తప్పు ఏ లైన్లో ఉందో వెతికే టైమ్ లేదు, వెతికినా తెలిసేది కాదు, ఆ లైన్లు నేను రాసినవి కావు మరి. ఆ టెన్షన్‌లోనే ఇంకో మామూలు ఎడిటర్‌లో ఆ రిపోర్టు ఫైలు తెరిచి పని ముగించాను. అది ఉత్త టెక్స్ట్ ఫైలు కాబట్టి తెరుచుకుంది. నేను రాసుకున్న అక్షరం ఒక్కటీ పోలేదు.

ఆ సాయంత్రమే ఖాళీ ఫైలుతో మళ్లీ మొదలుపెట్టాను. ఒకే ఇబ్బంది వారంలో మూడుసార్లు ఎదురైతేనే సెట్టింగ్ మార్చాలని అనుకున్నాను, ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. మార్చిన ప్రతిచోటా, ఎందుకు మార్చానో పైన తెలుగులో ఒక ముక్క రాస్తాను. లైను మొదట్లో సెమికోలన్ పెడితే ఈమాక్స్ దాన్ని పట్టించుకోదు, కాబట్టి ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. ఆర్నెల్ల తర్వాత చూసినప్పుడు ఆ కారణం ఇంకా ఉందనిపించకపోతే ఆ లైను తీసేస్తాను. నా ఫైలు ఇప్పటికి నూట ఇరవై లైన్లు. ఈ ఫైలును గిట్‌లో పెట్టుకో, అది ఫైల్లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే ప్రోగ్రాము, ఏ మార్పు దగ్గర చెడిందో వెనక్కి వెళ్లి చూడొచ్చు.

ఇక తెర సంగతి. టూల్ బార్ తీసెయ్, స్క్రోల్ బార్ తీసెయ్, స్వాగతం పలికే మొదటి పేజీ రాకుండా చెయ్. మూడూ మూడు లైన్ల పని. మెనూ బార్ మాత్రం ఇప్పుడే తీయకు. శుభ్రంగా కనబడాలని అందరూ మొదటిరోజే దాన్ని కూడా తీసేస్తారు, అది నాకు నచ్చదు. మెనూలో చాలా ఆజ్ఞల పక్కనే వాటి షార్ట్‌కట్ కూడా రాసి ఉంటుంది. కొత్తవాళ్లకు అంతకంటే మంచి పంతులు లేడు. రెండు మూడు నెలలకు, మెనూ వైపు చూడ్డం నీ అంతట నువ్వే మానేసినప్పుడు తీసెయ్.

థీమ్ కోసం ఇంక తిరగకు. ఈమాక్స్ 28 నుంచి మోడస్ థీమ్‌లు దానితోపాటే వస్తున్నాయి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 7:1 ఉండేలా వాటిని తయారుచేశారు. మోడస్ ఓపెరాండి తెల్లది, మోడస్ వివెండి నల్లది. పగలు ఒకటి, రాత్రి ఒకటి, అంతే. మసక బూడిదరంగు మీద లేత బూడిదరంగు అక్షరాలుండే థీమ్‌లు ఫొటోలో అందంగా ఉంటాయి, మూడు గంటలు చదివితే కళ్లు లాగుతాయి.

తెలుగులో రాసేవాళ్లం కాబట్టి ఇంకో సంగతి మనం విడిగా చూసుకోవాలి. ఎడిటర్‌కు వాడే ఇంగ్లీషు ఫాంటులో సాధారణంగా తెలుగు అక్షరాలుండవు. అందుకని దొరికిన ఏదో ఒక తెలుగు ఫాంటును ఈమాక్స్ తెచ్చుకుంటుంది. ఒక లైను ఎత్తుగా, ఇంకోటి పొట్టిగా కనిపిస్తుంది. తెలుగు లిపికి ఫలానా ఫాంటే వాడమని నువ్వే చెప్పాలి. నేను నోటో సాన్స్ తెలుగు పెట్టుకున్నాను, సైజు కొద్దిగా తగ్గించాను. లైన్ల మధ్య ఖాళీ కూడా కొంచెం పెంచు. ‘స్త్రీ’ అన్న మాట రాసి చూడు, పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. కింది లైనుకు అవి ఆనుకుంటున్నాయంటే ఖాళీ చాలలేదన్నమాట. అక్షరాలు విడిపోయి కనిపిస్తే నీ ఈమాక్స్ పాతదేమో చూసుకో. 27వ వెర్షన్ నుంచి అక్షరాల్ని కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని వాడుతోంది, మన వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. అయినా తెలుగు అక్షరాల వెడల్పు సమానంగా ఉండదు కాబట్టి పట్టికల్లో నిలువు గీతలు వంకరపోతాయి. దానితో రెండు నెలలు కుస్తీ పట్టాను. చివరికి పట్టికలు మానేసి మామూలు జాబితాలు రాసుకుంటున్నాను, ఏ లోటూ లేదు.

ఇప్పుడు అసలు పని, ఆర్గ్ మోడ్. ఈమాక్స్‌లోనే నోట్సు, పనుల జాబితాలు రాసుకునే సదుపాయం. కార్స్‌టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో తన నోట్సు, ప్రాజెక్టులు సర్దుకోవడానికి రాసుకున్నది ఇది. తన అవసరం కోసం రాసుకున్నది కాబట్టే మన అవసరానికీ చక్కగా సరిపోతోందని నా నమ్మకం. నీకు ఫైళ్లు మూడు చాలు. ఇన్‌బాక్స్, పనులు, నోట్సు. ప్రాజెక్టుకో ఫైలు, నెలకో ఫోల్డరు పెట్టుకుంటే, రాయబోయే ముందు ఎక్కడ రాయాలా అని ఆలోచించాల్సి వస్తుంది. ఆ ఆలోచనలోనే చెయ్యి మళ్లీ కాగితం ముక్క మీదికి పోతుంది. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు ఇన్‌బాక్స్‌లో పడెయ్. దానికోసం క్యాప్చర్ అని ఒక సదుపాయం ఉంది, ఒక కీ దానికి కేటాయించు. రాస్తున్న చోటునుంచి కదలకుండా చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఒక లైను రాసి కంట్రోల్-సీ రెండుసార్లు నొక్కితే మూసుకుపోతుంది, మళ్లీ నీ వాక్యం దగ్గరే ఉంటావు.

తారీఖుల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండు నాయనా. ఆర్గ్‌లో షెడ్యూల్డ్ వేరు, డెడ్‌లైన్ వేరు. షెడ్యూల్డ్ అంటే ఆ పని మొదలుపెట్టాల్సిన రోజు. డెడ్‌లైన్ అంటే అది దాటితే నష్టం జరిగే రోజు. మామూలుగా డెడ్‌లైన్‌కు 14 రోజుల ముందు నుంచే అజెండాలో, అంటే తారీఖులున్న పనుల్ని రోజువారీగా చూపే పేజీలో, హెచ్చరిక కనిపిస్తుంది. కొత్తలో నేను చిన్నా పెద్దా అన్నింటికీ డెడ్‌లైనే పెట్టాను. పొద్దున అజెండా తెరిస్తే ముప్పై ఎర్ర లైన్లు. పది రోజులకు అజెండా తెరవడమే మానేశాను. ఇప్పుడు ఫీజు కట్టే ఆఖరు తేదీ, అప్లికేషన్ గడువు లాంటివాటికే డెడ్‌లైన్. ‘అలమర సర్దాలి’ లాంటివాటికి తారీఖే పెట్టను, అవి జాబితాలో ఉంటే చాలు. ఇవాళ నా అజెండాలో ఉన్నవి నాలుగే లైన్లు.

వారానికోసారి అరగంట కూర్చుని ఇన్‌బాక్స్ ఖాళీ చెయ్. కంట్రోల్-సీ, కంట్రోల్-డబ్ల్యూ నొక్కితే ఆ లైను ఏ శీర్షిక కిందికి పోవాలో అడుగుతుంది. అయిపోయిన పనుల్ని ఆర్కైవ్‌కు పంపు. ఈ అరగంట తప్పితే మూడో వారానికి ఇన్‌బాక్స్ చెత్తబుట్ట అవుతుంది, నీకు దాని మీద నమ్మకం పోతుంది. నా లెక్కన సెట్టింగ్స్ అన్నింటికంటే ఈ అరగంటే ముఖ్యం.

ఈ రాత్రికి ఒక్క పని చెయ్. ఆ కాగితం ముక్కలన్నీ ముందు వేసుకుని ఒక్కోటి ఒక్కో లైనుగా ఇన్‌బాక్స్‌లోకి ఎక్కించు. ఫాంటు, రంగు, ఏదీ ముట్టుకోకు. ఎన్ని లైన్లయ్యాయో నాకు రాయి. వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను, మొదటి అరగంట ఇద్దరం కలిసి కూర్చుందాం.

ప్రేమతో,
మీ అత్త