ఇటాలియన్‌లో ఏమంటారు మాస్టారూ?

(జెనోవా కంపెనీ ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, ఇప్పుడు విశాఖ మహారాణిపేటలో సాయంత్రంపూట ఇటాలియన్ నేర్పుతున్న మాస్టారు పాఠకుల ప్రశ్నలకి ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: పాదోవా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. నేను అద్దెకుండబోయే ఇంటి ఓనరమ్మ, వీసా ఇంటర్వ్యూ ముందురోజు వీడియో కాల్‌లో "ఇన్ బోక్కా అల్ లూపో" అంది. ఫోన్‌లో చూస్తే ‘తోడేలు నోట్లోకి’ అని వచ్చింది. ‘ఆల్ ది బెస్ట్’ అన్నమాటే కదా అని "గ్రాత్సియె" అన్నాను. ఆవిడ మొహం అదోలా పెట్టింది. ఏం తప్పన్నాను?
– విద్యార్థిని, మర్రిపాలెం

జవాబు: తప్పేం లేదమ్మా, ఆనవాయితీ తెలియలేదు అంతే. దానికి థాంక్స్ చెబితే కలిసిరాదని వాళ్ళ నమ్మకం. "క్రేపి!" అనాలి. ‘చావనీ ఆ తోడేల్ని’ అని. తోడేలు మీద జాలిపడేవాళ్ళు ఈమధ్య "వీవా ఇల్ లూపో", అంటే ‘తోడేలు చల్లగుండాలి’ అని కూడా అంటున్నారు. ఓనరమ్మ పెద్దావిడైతే క్రేపి అనే అను. మాటకి మాట పెట్టి మార్చి "బువోనా ఫొర్తూనా" అంటే అర్థమవుతుంది గానీ, పరీక్షకి వెళ్ళేవాళ్ళతో అంటే కొందరు చిరాకుపడతారు. గుమ్మం దాటుతుంటే "ఎక్కడికి?" అని అడిగారని మళ్ళీ లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళు మనింట్లో లేరా? వాళ్ళూ అంతే. గెలీలియో పాఠాలు చెప్పిన ఊళ్ళో శకునాలేమిటని అడక్కు.

ప్రశ్న: నేను ఓడ ఫిట్టర్ని. ఎక్కబోయే ఓడలో చీఫ్ ఇంజనీరు ఇటాలియన్. ఆయనతో చనువు కుదరాలని ఇంగ్లీషు నుడికారాలు కొన్ని ఇటాలియన్‌లోకి మార్చి బట్టీపట్టాను. ‘పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి’, ‘ఇది కేకు ముక్క’ వగైరా. లిస్టు జత చేశాను, దిద్దగలరు.
– గాజువాక

జవాబు: బాబూ, దిద్దడానికేమీ లేదు. మొత్తం కొట్టేశాను. నువ్వు "పియోవె గాత్తి ఎ కాని" అంటే ఆయన తలెత్తి ఆకాశం కేసి చూస్తాడు. వాళ్ళ వాన "ఆ కతినెల్లె" కురుస్తుంది. కతినెల్ల అంటే బేసిను. హుద్‌హుద్ చూసినవాడివి, ‘కుండపోత’ అనే మాట నీ నోట్లోనే ఉంది. కుండ తీసి బేసిను పెడితే సరిపోయేదానికి మధ్యలో కుక్కల్ని, పిల్లుల్ని ఎందుకు తడపడం?

కేకు ముక్క సంగతీ అంతే. చాలా తేలికని చెప్పాలంటే "ఉన్ జోకో ద రగాత్సి", పిల్లలాట అంటారు. లేదా "ఉన పస్సెజ్జాత", అంటే షికారు నడక. మన నల్లేరు మీద నడక గుర్తు రాలేదూ? ఇంగ్లీషువాడు కేకు తినెయ్యాలి, మళ్ళీ మిగలాలి అంటాడని రాశావు. మనం అవ్వా కావాలి బువ్వా కావాలి అంటాం. ఇటలీవాడికి ‘పీపా నిండుగా ఉండాలి, పెళ్ళాం తాగి ఉండాలి’. "లా బొత్తె పియేన ఎ లా మోల్యె ఉబ్రియాక". ఇది ఇంజన్‌రూమ్‌లో చెల్లుతుంది, చీఫ్ భార్య ఓడ చూడ్డానికొచ్చిన రోజు మాత్రం నోరు కట్టుకో.

ఒకే రాయికి రెండు పిట్టలన్నావు. వాళ్ళు రాయి వెయ్యరు, చిక్కుడు జాతి గింజ ఎర వేసి రెండు పావురాల్ని పడతారు: "దూఎ పిచ్చోని కొన్ ఉన ఫావ". పెనం మీంచి పొయ్యిలో పడ్డమొక్కటే ముగ్గురికీ కలిసింది, "దల్ల పదెల్ల అల్ల బ్రాచె". అది భయం లేకుండా వాడుకో. మిగతావన్నీ ముందు తెలుగులో ఏమంటామో అనుకుని, అప్పుడు నన్నడుగు.

ప్రశ్న: మా అబ్బాయిది తొరీనోలో ఉద్యోగం. పెళ్ళి చేసుకోబోయే ఇటలీ అమ్మాయిని సంక్రాంతికి తీసుకొస్తున్నాడు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. వడ్డించేటప్పుడు ‘ఫీల్ ఫ్రీ’, ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’ లాంటివి ఇటాలియన్‌లో ఎలా అనాలండీ?
– గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఇంగ్లీషు అంతంతమాత్రం కావడమే మంచిదైందమ్మా. ఆ పిల్ల కంచం ముందు బిగుసుకుని కూర్చుంటే మీ నోటికి ముందు ఏమొస్తుంది? "మొహమాటపడకమ్మా" అనే కదా. ఈ మాట ఇంగ్లీషువాడికి చెప్పాలంటే నేను ఓడమీద తంటాలు పడేవాణ్ణి. ఇటలీవాడికి చెప్పాలంటే తంటా లేదు: "నోన్ ఫారె కొంప్లిమెంతి". అచ్చంగా మన మొహమాటమే, ఆ సందర్భానికే వాడతారు. వాళ్ళూ మనలాగే తినమని బలవంతం చేసే జాతి.

ఇంకొంచెం వెయ్యనా అంటే "ఆంకోర ఉన్ పో?" అనండి. తను "బస్త, గ్రాత్సియె" అంటే చాలని. బియ్యం బస్తా కాదు. మనవాళ్ళకి ఒక బస్త చాలదు గనక రెండోసారి అడగండి, మూడోసారి వదిలెయ్యండి. తినబోయే ముందు "బువోన్ అప్పెతీతో" అంటుంది. మీరు "అల్త్రెత్తాంతో" అనండి, మీకూను అని. మాడుగుల హల్వా నచ్చిందా అని అడగాలంటే "తి పియాచె?" చాలు. నచ్చితే "మి పియాచె" అంటుంది. ఇంగ్లీషులో ‘ఐ లైక్’ అని ‘నేను’తో ఎత్తుకోవాలి. తెలుగులోనూ ఇటాలియన్‌లోనూ ‘నాకు’తోనే పని.

పెద్దవాళ్ళకి ‘మీరు’లాగా ఆ అమ్మాయి మిమ్మల్ని "లేఇ" అంటుంది. చనువు ఇవ్వాలనిపిస్తే "దమ్మి దెల్ తు" అనండి, ‘నన్ను నువ్వనొచ్చు’ అని. కోడలు నువ్వంటే మీ ఆడపడుచులు ఏమంటారో అది మీరే చూసుకోవాలి. వెళ్ళేటప్పుడు తను "అర్రివెదేర్చి" అంటుంది. మళ్ళీ కలుద్దామని. ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అనే పిల్ల దొరికింది, మీ అదృష్టం.

ప్రశ్న: ‘టచ్ వుడ్’ అని ఇటాలియన్‌లో ఎలా అంటారు?
– ఉక్కునగరం

జవాబు: చెక్కని కాదండీ, ఇనుముని ముట్టుకుంటారు. "తొక్కారె ఫెర్రో". ఈ విషయంలో మీ క్వార్టర్సుని మించిన చోటు లేదు. వాళ్ళకి చెడ్డ అంకె కూడా 13 కాదు, 17. శుక్రవారం 17 వచ్చిందంటే కొందరు కొత్త పని మొదలెట్టరు.

ప్రశ్న: తెలుగుని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారు కదా, నేర్చుకోవడంలో దానివల్ల నిజంగా లాభముందా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, భీమిలి

జవాబు: అచ్చులతో ముగియడం వల్ల వినసొంపే తప్ప పెద్ద లాభం లేదు. పైగా మనం అలవాటు కొద్దీ ‘ఫిల్ము’, ‘బారు’ అంటాం. వాళ్ళు ఫిల్మ్, బార్ అని హల్లు మీదే ఆపేస్తారు. అసలు లాభం ఒత్తుల్లో ఉంది, దాన్నెవరూ చెప్పరు. నోనో అంటే తొమ్మిదోది, నోన్నో అంటే తాతయ్య. ఇంగ్లీషువాళ్ళకి ఈ తేడా పలకడం గండం. మనకి ఒకటో తరగతిలోనే వచ్చేసింది. వాళ్ళు వయసు చెప్పేటప్పుడు ‘నాకు ఇరవై ఏళ్ళున్నాయి’ అన్నట్టు "ఓ వెంతాన్ని" అంటారు. అందులో న-ఒత్తు తీసేస్తే ఏ అర్థమొస్తుందో నిఘంటువులో చూసుకోండి. పత్రికలో రాయలేను.

ప్రశ్న: ప్రొఫెసర్ గారికి మెయిల్ రాస్తున్నాను. ‘ఐ యామ్ వెరీ ఎక్సైటెడ్’ అన్నదానికి "సోనో మోల్తో ఎచ్చితాతో" సరేనా?
– సీతమ్మధార

జవాబు: పంపెయ్యలేదు కదా? ఆ మాట చాలామందికి పడకగది మాటలా వినిపిస్తుంది. "నోన్ వేదో లోర ది కొమిన్చారె" అని రాయి, ‘ఎప్పుడెప్పుడు మొదలెడదామా అని ఉంది’ అని. మొదట ఆయనైతే "జెంతీలె ప్రొఫెస్సోరె", ఆవిడైతే "ప్రొఫెస్సొరెస్స". లోపలంతా లేఇ. చివర "కొర్దియాలి సలూతి". "చావ్" మాత్రం పెట్టకు, అది చనువున్నవాళ్ళ పలకరింపు, నీ రూమ్మేట్‌కి.