లాకర్ బిగించే ముందు ఇది చదువు

చిరంజీవి అబ్బాయికి, మామయ్య ఆశీస్సులు.

జీపుకి 35 అంగుళాల టైర్లు, వెనక రెండు చక్రాలనీ కలిపి ఒకటిగా తిప్పే లాకర్ వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. తనకి సగమే అర్థమైంది, హాయిగా ఉంది. నాకు మొత్తం అర్థమై నిద్ర పట్టలేదు. ఇంజిన్ బలాన్ని రెండు వైపుల చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ తనే విప్పుకునేవాడు మన ఇంట్లో ఇన్నాళ్లకి తయారయ్యాడన్న సంబరం కూడా ఉందనుకో.

గేర్ ఆయిల్ మార్చు. డిఫరెన్షియల్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టం పైకి లాగు. వేడెక్కిన డిఫరెన్షియల్ డొప్ప వాగులో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాగేస్తుంది. ముందు చక్రాలు పూర్తిగా తిప్పి ఉంచి యాక్సిలరేటర్ తొక్కకు, జాయింట్లు పోతాయి. ఇవి నీకూ తెలుసు.

లాకర్ లేని ఓపెన్ డిఫరెన్షియల్‌ని అందరూ తిడతారు గానీ, చక్రాలని తిప్పే కడ్డీలని, అదే షాఫ్టులని, కాపాడేదీ అదే. ఒక చక్రం గాల్లో తిరుగుతుంటే రెండోదానికీ అంతే మెలి, అంటే తిప్పే బలం, అందుతుంది, అంటే దాదాపు ఏమీ అందదు. లాకర్ వేశాక పట్టు దొరికిన వైపు షాఫ్టే అంతా మోయాలి. 250 న్యూటన్ మీటర్ల ఇంజిన్, ఫస్ట్ గేరు 4, లో రేంజి గేరు 2.5, డిఫరెన్షియల్‌లోని పళ్ల చక్రాల జత క్రౌన్ పినియన్ 4 అనుకో. నలభై రెట్లు, 10,000! ముందు చక్రాలు కూడా జారిపోతుంటే అందులో ఎక్కువ భాగం ఆ ఒక్క కడ్డీ మీదే. పైగా టైరు పెద్దదయ్యేకొద్దీ అదే పట్టుకి షాఫ్టు మీద మెలి ఇంకా పెరుగుతుంది. షాఫ్టు మందం 10 శాతం పెంచితే బలం మూడో వంతు పెరుగుతుంది, కాబట్టి డబ్బు అక్కడ పెట్టు. కాకపోతే షాఫ్టు గట్టిపడ్డాక, తర్వాత విరిగేది క్రౌన్ పినియన్. దాని పని ఇంకా ఖరీదు.

ఇక మీ నాన్న సంగతి. ఆయన చెప్పి ఉండడు. ముందు చక్రాలకి బలం అందించే ప్రొపెల్లర్ షాఫ్టు రిపేరుకి విప్పి ఉంటే, వెనక చక్రాలతోనే కొండ ఎక్కిస్తానన్నాడు. సగం దూరంలో కుడి వెనక చక్రం గాల్లోకి లేచింది. కాలు తీసేస్తే చాలు, బండి తనంతట తనే సర్దుకునేది. వదల్లేదు, ఇంకా తొక్కాడు. గిర్రున తిరుగుతున్న చక్రం బండరాయి మీద పడి ఒక్కసారి పట్టు దొరికింది. తుపాకీ పేలినట్టు చప్పుడు. బండిని గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఏమైందో చూద్దామని దిగాడు.

ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఒక షాఫ్టు విరిగితే గేరు బండిని ఆపలేదు, విరిగిన వైపు ఊరికే తిరిగిపోతుంది. పాత జీపు హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక ప్రొపెల్లర్ షాఫ్టుని, చక్రాలని కాదు. అదీ పనికిరాలేదు. నేను రాయి పట్టుకుని చక్రం వెనకే వంగి ఉన్నాను. బండి కదిలింది. ఆయన తలుపు పట్టుకుని వేలాడాడు, నేను పక్కకి దూకాను. అప్పుడు దెబ్బతిన్న మోకాలే ఇవాళ్టికీ నన్ను మెట్లెక్కనివ్వదు. మీ అమ్మకి మాత్రం నేను జారిపడ్డానని చెప్పాం.

తర్వాత విరిగిన ముక్క చూశాను. అంచున నల్లగా పాత పగులు, లోపల మెరుస్తున్న కొత్త విరుపు. అంటే ముందు నుంచే తెగుతూ వస్తోందన్నమాట.

లాకర్ పట్టి ఉన్నంతసేపే నీకు ధీమా. అది ఆఫ్ చేసి, ఫోర్ వీల్ కూడా తీశావో, మళ్లీ మా కథే. చప్పుడు వినిపిస్తే ఫుట్‌బ్రేక్ మీద కాలు తీయకు. చక్రాల కింద దిమ్మలు పక్కనుంచి వేయించు, వెనక ఎవర్నీ నిలబడనివ్వకు. ఎవర్నీ, వినబడిందా?

కొత్త షాఫ్టు పొడవునా తెల్ల పెయింటుతో తిన్నగా గీత గీయి. ఈసారి విప్పినప్పుడు అది మెలి తిరిగి ఉంటే షాఫ్టు లొంగిపోయినట్టే, తీసి అవతల పడెయ్. నువ్వు తీయబోయే పాత షాఫ్టుల చివర ఉండే పళ్లు, అదే స్ప్లైన్లు, దగ్గరగా ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను. మొదటిసారి కొండకి వెళ్లే రోజు నన్ను పిలువు. దిమ్మలు నేను వేస్తాను.

మీ మామయ్య