మోరి వాళ్ళు భోంచేస్తున్నారు

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గోల విన్నాక నవ్వాపుకోలేకపోయాను. సెకిగహర బోర్డు గేమ్‌లో పన్నెండు దిమ్మలతో, అంటే సేనలకి గుర్తుగా బోర్డు మీద పెట్టే చెక్క దిమ్మలతో, వెళ్ళి ఐదు దిమ్మలవాడి చేతిలో చావుదెబ్బ తిన్నావని, ఈ ఆటలోనే ఏదో తిరకాసు ఉందని అన్నావు. తిరకాసేం లేదురా. ఆ పన్నెండింటిలో ఎన్నిటికి నీ చేతిలో కార్డు ముక్కలున్నాయి? మూడింటికే కదా? అయితే నువ్వు తీసుకెళ్ళింది మూడు దిమ్మలే. మిగతా తొమ్మిదీ తిరునాళ్ళు చూడ్డానికొచ్చిన జనం.

నీకు చెస్ అలవాటు. అక్కడ గుర్రాన్ని ఎటు పొమ్మంటే అటు పోతుంది. ఇక్కడ దిమ్మ మీద ఏ వంశం గుర్తు ఉందో, అదే గుర్తున్న ముక్క నీ చేతిలోంచి పడాలి. అప్పుడే ఆ దిమ్మ కత్తి దూస్తుంది. పాచికలు లేవు, అదృష్టాన్ని తిట్టుకోవడానికి వీల్లేదు. ఈ ఆట తయారుచేసిన మ్యాట్ కాల్కిన్స్ అనే ఆయన ఇలా ఎందుకు పెట్టాడో తెలియాలంటే అసలు యుద్ధం సంగతి కాస్త తెలియాలి.

1598లో జపాన్‌ని ఏలుతున్న తొయొతొమి హిదెయొషి పోయాడు. కొడుకు హిదెయొరి పసివాడు. వాడు పెద్దయ్యేదాకా రాజ్యం చూసుకోమని ఐదుగురు పెద్దల్ని పెట్టి పోయాడు. వాళ్ళలో తొకుగావా ఇయెయాసు ఒకడు. పసివాడి ఆస్తికి కాపలా పెట్టిన పెద్దమనుషులు ఏం చేస్తారో నీకు నేను చెప్పాలా? రెండేళ్ళు తిరక్కుండానే ఒక పక్క ఇయెయాసు, ఇంకో పక్క ఇషిదా మిత్సునారి. 1600 అక్టోబరు 21న పొద్దున్నే పొగమంచులో సెకిగహర దగ్గర తలపడ్డారు.

మ్యాప్ చూస్తే ఇషిదాదే పైచేయి. చుట్టూ కొండల మీద అతని వాళ్ళే. నాంగూ కొండ మీద మోరి సేన ఉంది. కానీ దాని ముందు నిలబడ్డ కిక్కావా హిరోయియె లోపాయికారీగా ఇయెయాసుకి మాటిచ్చేశాడు. అతను కదలడు, కదలకపోతే వెనకున్నవాళ్ళకి దారి లేదు. కదలరేమని పక్కవాళ్ళు కబురు పెడితే, మోరి హిదెమొతో ఏం చెప్పాలో తెలియక "మా వాళ్ళు భోంచేస్తున్నారు" అన్నాడట. ఇక మత్సువో కొండ మీద 15,000 మందితో కూర్చున్న కొబయాకావా హిదేఆకి యుద్ధం మధ్యలో కిందికి దిగి, సొంత పక్షం మీదే పడ్డాడు. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. మూడేళ్ళకి ఇయెయాసు షోగున్, అంటే జపాన్ సైనిక పాలకుడు, అయ్యాడు.

అందుకే మా ఇంట్లో ముక్క లేని దిమ్మని "భోజనంలో ఉంది" అంటాం.

ఇప్పుడు నీ ఆట సంగతి. దండు (ఒకచోట పేర్చిన దిమ్మలు) కదిలించే ముందు బోర్డు కాదు, చేతిలో ముక్కలు చూడు. వాటిని రమ్మీలోలా వంశాలవారీగా పేర్చుకో. ఒకే వంశం దిమ్మలు వరసగా దించితే బలం పెరుగుతుంది కదా అని మొత్తం ఉకితా దిమ్మలతోనే ఒక దండు కట్టావనుకో, ఉకితా ముక్కలు పడని వారం (ఆటలో ఒక్కో విడతని వారం అంటారు) అందరూ భోజనంలోనే. నేనైతే ఒక దండులో రెండు వంశాలు ఉండేలా చూసుకుంటాను. మూడైతే కలగాపులగం.

నువ్వు పోగొట్టుకున్న రెండో ఆట వేరే రకం. నీ దగ్గర ఒక్క ఫుకుషిమా ముక్కే ఉంది, దాన్ని దర్జాగా దించావు. అవతలివాడు విశ్వాసాన్ని సవాలు చేసే ముక్క వేశాడు. అదే వంశానిది ఇంకో ముక్క చూపించలేకపోయావు. నీ దిమ్మ వాడి పక్షాన పోరాడింది. కొబయాకావా కథే ఇది. కాబట్టి బలమైన దిమ్మని దించేటప్పుడు దాని జత ముక్క చేతిలో ఉంచుకో. లేదంటే ముందు చిన్న దిమ్మని దించి, వాడు సవాలు ముక్కని దానిమీద ఖర్చుపెట్టేస్తాడేమో చూడు. నా పాతికేళ్ళ పేకాటలో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. మీ అత్తయ్య ఒప్పుకోదనుకో.

యుద్ధంలో లెక్క ఏడుతో. నువ్వు దించిన దిమ్మల బలం మొత్తంలో ప్రతి ఏడుకీ అవతల ఒక దిమ్మ పోతుంది, ఓడినవాడికి అదనంగా ఇంకొకటి. అంటే పద్నాలుగు దగ్గర ఉండి, గెలుపు ఖాయమై, ఇంకో ముక్క వేస్తే పదిహేడే అవుతుందంటే ఆ ముక్క వేయకు. కుర్రాళ్ళు ఇక్కడే ఊపులో చేయి ఖాళీ చేసుకుంటారు. కానీ దీనికో తిరుగుడుంది. యుద్ధంలో వాడిన ముక్కలకి బదులు కొత్తవి వస్తాయి. నడకకి ఖర్చుపెట్టినవి రావు. ఒక ముక్కకి మూడు దండులు, రెండు ముక్కలకి అన్నీ కదులుతాయి, ఊరికే అయితే ఒక్కటే. వారం మొదట్లో చేతిలో సగం ముక్కలు పారేయాలి కాబట్టి దాచుకున్నా లాభం లేదు. అంచేత పనికిరాని ముక్కల్ని నడకకి వాడు, పనికొచ్చేవి వారం దాటకముందే యుద్ధంలో దించు. చేయి మరీ చెత్తగా ఉంటే ఒక వంతు కదలకుండా కూర్చుని ముక్కలు మార్చుకో. అది పిరికితనమేం కాదు.

తొకుగావా పక్షం ఆడేటప్పుడు ఇయెయాసు సొంత నగరం ఎదో (ఇప్పటి టోక్యో) వైపు వెనక్కి తిరిగి చూడు. అక్కడ ఐజు దగ్గర ఇషిదా పక్షంవాడు ఉయెసుగి ఉన్నాడు. అసలు చరిత్రలో కూడా ఇయెయాసు బయల్దేరింది అతని మీదకే. పడమటికి తొందరపడి అందర్నీ లాక్కుపోతే ఇల్లు పోతుంది. ఇయెయాసు దిమ్మని దండు మధ్యలో ఉంచు, అది పోతే ఆట ఓడినట్టే. ఓసారి ఓడిన యుద్ధం తర్వాత ఆయన్ని ఒక్క తోడుతో దారి మధ్యలో వదిలేశాను, కోటలు లెక్కపెట్టుకుంటూ. పెద్ద దండు మీదపడింది, ఆట అక్కడితో సరి. రెండున్నర గంటల ఆట, అన్ని కోటలూ నావే, ఏం లాభం? ఇషిదా వైపు ఆడితే మిత్సునారితో పాటు ఒసాకాలో ఉన్న హిదెయొరిని కూడా కాపాడుకోవాలి, అది ఇంకా టెన్షన్.

పెద్ద దండు నెమ్మదిగా నడుస్తుందని కూడా మర్చిపోకు. పన్నెండు దిమ్మల ఊరేగింపు మళ్ళీ కట్టకు.

వచ్చే ఆదివారం రా. నువ్వు తొకుగావా తీసుకో, నేను ఇషిదా. అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంది. ఆట మొదలవకముందే తినేద్దాం, మధ్యలో అయితే సాకులకి పనికొస్తుంది.

మీ మావయ్య