బడి కట్టబోతున్న మేనకోడలికి

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పిన సంగతి విని చాలా సంతోషించాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లు నిండకముందే ఉత్తర చెన్నైలో ఒక కార్పొరేషన్ బడి పని మొత్తం నీ చేతికి రావడం, పాత బ్లాకులు రెండు పడగొట్టి జీ ప్లస్ టూ (కింది అంతస్తు, దానిపై రెండు) భవనం కట్టించడం, మూడో బ్లాకును బాగుచేయించడం చిన్న బాధ్యత కాదు. డ్రాయింగు పైకి పంపే ముందు ఒకసారి చూడమన్నావు, తప్పకుండా చూస్తాను. అయితే 33 ఏళ్లు ప్రభుత్వ కట్టడాల దగ్గరే గడిపినవాడిగా, డ్రాయింగు కంటే ముందు నీకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. అవి ఫోనులో తెమిలే మాటలు కావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, టేపు గానీ లెవెల్ పరికరం గానీ తీసుకోకుండా ఆ బడికి మూడు రోజులు వెళ్లు. ఒకరోజు ప్రార్థన వేళకు, ఒకరోజు మధ్యాహ్న భోజనం వేళకు, ఒకరోజు సాయంత్రం బడి వదిలే వేళకు వెళ్లి ఒక మూల కూర్చుని చూడు. ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడిన తరువాత, గదులు ఊడ్చే ఆమెతోనూ, అన్నం వండే ఆయమ్మతోనూ కూడా మాట్లాడు. ఏ నెలలో ఏ గోడకు చెమ్మ వస్తుందో, ఏ మెట్టు మీద పిల్లలు జారిపడతారో వాళ్లకు తెలిసినంతగా ఏ ఫైలుకూ తెలియదు. ఒక బడిలో మూడో తరగతి గదిలోకి వెళ్లినప్పుడు, బెంచీలన్నీ గోడల వైపుకు జరిగి, మధ్యలో మంచం పట్టేంత నేల ఖాళీగా ఉండటం చూశాను. అక్కడి గచ్చు మీద ప్లాస్టిక్ బకెట్టు అడుగు ముద్ర గుండ్రంగా నల్లగా పడి ఉంది. శ్లాబు నాలుగు వానాకాలాలుగా ఉరుస్తూ ఉంటే టీచరు బెంచీలు జరుపుకొని సర్దుకుపోయింది గానీ ఎవరికీ ఫిర్యాదు రాయలేదు. అందువల్ల ఆ గది మా జాబితాలో బాగున్న గదిగానే నమోదై ఉంది. అలాంటి గుర్తులు నీ కంటపడాలి.

పడగొట్టడమా, బాగుచేయడమా అనే నిర్ణయం తొందరపడి తీసుకోవద్దు. నువ్వు చెప్పిన వర్ణన బట్టి మూడో బ్లాకు మద్రాసు టెర్రస్ అనిపిస్తోంది. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి, సున్నంతో అతికి, దానిపై ఇటుక జల్లి కాంక్రీటు వేసి కట్టిన ఆ పైకప్పులు మన నగరంలో మిగిలిన మంచి పనితనానికి గుర్తులు. ఎత్తయిన కప్పు, మందపాటి గోడల వల్ల ఎండలు ముదిరిన రోజుల్లో కూడా ఆ గదుల్లో పిల్లలు కూర్చోగలుగుతారు. దూలాల నడుమ భాగం చూసి తృప్తిపడకు; గోడలోకి దూరిన కొనల దగ్గర సన్నని మేకుతో గుచ్చి చూడు. చెదలైనా, చెమ్మైనా మొదట తినేది అక్కడే. కొనలు గట్టిగా ఉంటే ఆ బ్లాకును నిలబెట్టు. సున్నపు గోడకు సిమెంటు పూత మాత్రం పూయించకు. గోడలోని తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, రెండేళ్లలో లోపలి వైపు పొక్కులు లేస్తాయి.

దానికన్నా నాకు భయం కలిగించేవి 1980ల నుంచి కట్టిన కాంక్రీటు బ్లాకులు. సముద్రపు గాలి సోకే ఊళ్లో, కడ్డీ మీద అరంగుళం కవరింగు (కడ్డీని కప్పే కాంక్రీటు పొర) కూడా లేకుండా పోసిన శ్లాబులు అవి. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది. చిన్న సుత్తితో శ్లాబు అడుగున తడుతూ వెళ్లు; గట్టి చోట కంగుమంటుంది, వదులైన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల చోట్ల మీద సిమెంటు మెత్తి రంగు వేయడం కన్నా పెద్ద మోసం లేదు.

ఇంకొక మాట. లెక్కలు వేసి కట్టిన గదుల కంటే, ఎవరూ లెక్కలు వేయని చిన్న కట్టడాలే ఎక్కువ ప్రమాదకరం. 2021 డిసెంబరులో తిరునల్వేలిలో ఒక బడి మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ తరువాతే రాష్ట్రమంతటా శిథిల బడి భవనాలను వెతికి పడగొట్టే పని ఊపందుకుంది. ప్రహరీ, మరుగుదొడ్డి ముందరి అడ్డుగోడ, సన్‌షేడు, నీళ్ల ట్యాంకు దిమ్మె, ఇవి నీ తనిఖీలో మొదటి పేజీలో ఉండాలి.

ఇక కాలం సంగతి. మన బడులకు ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర నుంచి. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనం. పడగొట్టడం మే నెలలో ముగించి, సెప్టెంబరులోగా పునాదులు ప్లింత్ (నేల నుంచి గది గచ్చు దాకా ఉండే పీఠం) దాకా లేపగలిగితేనే తవ్వకం మొదలుపెట్టు. కాగితాలు కదలక వర్క్ ఆర్డరు ఆగస్టులో చేతికి వస్తే, ఎవరు ఎంత తొందరపెట్టినా జనవరి దాకా గుంత తవ్వవద్దని నా గట్టి మాట. వాననీటితో నిండిన పునాది గుంత పక్కన వందలమంది పిల్లలు తిరిగే ఆవరణను నేను చూశాను. ఆ మూడు నెలలూ నాకు నిద్ర పట్టలేదు. పని జరిగినంత కాలం బడి కూడా జరుగుతుంది కాబట్టి, పిల్లలు ఎక్కడ కూర్చుంటారో, వాళ్ల గేటు ఏదో, లారీల గేటు ఏదో తేల్చిన తరువాతే మొదటి ఇటుక తీయించు.

లెవెళ్ల గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో తొలినాళ్లలో ఒక బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు కట్టించాను. చూడటానికి ముచ్చటగా వచ్చాయి. వీధిలోని మ్యాన్‌హోల్ ఇన్వర్ట్ లెవెల్‌ను అంటే మురుగు గొట్టం లోపలి అడుగు మట్టాన్ని, పాత రికార్డులోంచి తీసుకున్నానే గానీ, మూత తీయించి నేను కొలవలేదు. ఆ ఏడాది నవంబరులో మొదటి పెద్ద వానకు మురుగు వెనక్కి తన్ని ఆరు దొడ్లూ నిండిపోయాయి. వాటికి తాళం వేశారు. మళ్లీ తెరవడానికి ఏడాదిన్నర పట్టింది. అన్ని నెలలు ఆ పిల్లలు ఏం చేశారో తలచుకుంటే ఈ రోజుకీ నా మనసు కలుక్కుమంటుంది. కాబట్టి ప్రతి లెవెలూ నీ కళ్లెదుటే తీయించు. మన వీధుల్లో పాత తారు చెక్కకుండా మీద మీద రోడ్డు వేయడం వల్ల అనేక బడి ఆవరణలు గిన్నెల్లా పల్లమైపోయాయి. 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను నీళ్లు ఎంతవరకు వచ్చాయో చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకు పైన ప్లింత్ పెట్టు. వరద వచ్చినప్పుడు జనం తలదాచుకునేది ఈ బడుల్లోనే కనుక, మొదటి అంతస్తులో కూడా మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బోర్డులు నీళ్లు అందని ఎత్తులో ఉండాలి.

ప్లింత్ ఎత్తు పెరిగితే ర్యాంపు పొడవు కూడా పెరుగుతుందని మరచిపోకు. వాలు పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు దాటకూడదు. అంటే 90 సెంటీమీటర్ల ప్లింత్‌కు ర్యాంపు నడిచే పొడవే 10.8 మీటర్లు. చోటు లేదని చక్రాల కుర్చీ ఎక్కలేని ఏటవాలు దిమ్మె పోసి, ర్యాంపు కట్టామని రాసుకోవడం చాలాచోట్ల చూశాను. 2009 విద్యాహక్కు చట్టం అడ్డంకులు లేని ప్రవేశం కోరుతుంది. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ ఆ ఏడాది ఎవరూ లేకపోయినా వచ్చే ఏడాది రావచ్చు.

కాంక్రీటు విషయంలో ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) చెప్పినదానికి ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గకు. సముద్రతీర వాతావరణానికి బయటపడి ఉండే కాంక్రీటుకు ఎం30 గ్రేడు, 45 మిల్లీమీటర్ల కవరింగు కావాలి. కడ్డీని అంత ఎడంగా నిలిపే కవర్ బ్లాకులకు బదులు కంకర రాయి ముక్కలు పెడుతుంటే పని అక్కడే ఆపించు. ఉత్తర చెన్నైలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. పరీక్ష చేయించకుండా ఆ నీటితో కలపడం గానీ, తడపడం గానీ వద్దు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు క్యూరింగు (తడిపి ఉంచడం) అంటారు. శనివారం సాయంత్రం మేస్త్రీ వెళ్లిపోతే ఆదివారం గోనెసంచులను ఎవరు తడుపుతారో పేరు రాయించుకో. బలం పరీక్షించే కాంక్రీటు క్యూబులు నీ ఎదుటే పోయించి, నీ సంతకంతోనే ప్రయోగశాలకు పంపు. భూకంపం మనకెందుకని ఎవరైనా అంటే, భూకంప ప్రమాణాల 2002 సవరణలో చెన్నై రెండో మండలం నుంచి మూడో మండలానికి మారిందనీ, బడులకు మామూలు కట్టడాల కంటే ఒకటిన్నర రెట్లు భూకంప భారం లెక్కించాలనీ చెప్పు. డిజైను లెక్కల్లో ఆ 1.5 ఉందో లేదో నువ్వే వెతికి చూడు.

పైకప్పు మీద ఎండ, వాన ఆపే పొరకు (వెదరింగ్ కోర్సుకు) వాలు సరిగ్గా ఇచ్చారో లేదో తెలియాలంటే బకెట్టు నీళ్లు పోసి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. వాననీటి గొట్టాలను స్తంభాల్లో దాచనివ్వకు. గోడ బయట, చేయి పెట్టి శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలి.

మరుగుదొడ్ల దగ్గర ఎంత సమయం గడిపినా ఎక్కువ కాదు. దొడ్డి బాగాలేదని ఉదయం నుంచి మంచినీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలు మన బడుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఒకటో తరగతి బిడ్డకు పెద్దవాళ్ల బేసిన్ పెడితే భయపడి లోపలికి వెళ్లదు. గడియ ఆ బిడ్డ చేతికి అందాలి; లోపల వెలుతురు ఉండాలి; కుళాయిలు రెండు ఎత్తుల్లో ఉండాలి. ఆడపిల్లల వైపు మూతగల చెత్తబుట్టకూ, కొక్కేనికీ, చిన్న అలమరకూ అయ్యే ఖర్చు మొత్తం ఎస్టిమేట్‌లో లెక్కకు రాదు. అయినా అవే మరచిపోతారు. నీళ్ల ట్యాంకు నిండటానికి మోటారు ఎవరు వేస్తారు, దొడ్లు రోజుకు ఎన్నిసార్లు ఎవరు కడుగుతారు అనేది కట్టకముందే ప్రధానోపాధ్యాయురాలితో కూర్చుని తేల్చు.

వంటగదిని తరగతి గదులకు దూరంగా పెట్టు. 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడి వంటగదిలో పుట్టిన మంట పూరికప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు బలయ్యారు. ఇరుకు మెట్లు వాళ్లను బయటికి రానివ్వలేదు. రెండు వైపులా రెండు మెట్ల వరుసలు ఉండాలి, వాటికి తాళం వేసే గ్రిల్లు ఉండకూడదు, తలుపులు బయటికి తెరుచుకోవాలి. వంటగది మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. 1920లో మన తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి ఈ నగర కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టించాడు. 2022 సెప్టెంబరు నుంచి రాష్ట్రంలో ఉదయపు ఫలహారం కూడా పెడుతున్నారు. పిల్లలు వరండాలో నేల మీద తింటూ ఉంటే ఎండ, వాన తగలని నీడ ఉండేలా చూడు.

స్మార్ట్ తరగతుల విషయం అడిగావు. కేంద్ర ప్రభుత్వపు సిటిస్ నగరాభివృద్ధి పథకం కింద ఈ నగరంలో 28 కార్పొరేషన్ బడులను ఆధునికీకరించే పని చేపట్టారు కదా. వాటిలో ఒకటి రెండు వెళ్లి చూసి, ఏవి నిలిచాయో టీచర్లను అడిగి తెలుసుకో. తెర బిగించే గోడకు ఎదురుగా కిటికీ ఉండకూడదు, ఎర్తింగు సక్రమంగా ఉండాలి. వెలుతురు పిల్లల ఎడమ చేతి వైపు నుంచి వస్తే కుడిచేత్తో రాసేటప్పుడు నోటుపుస్తకం మీద నీడ పడదు. దీనికి ఖర్చు లేదు, గదిని తిప్పి గీస్తే చాలు.

ఇంకొకటి కూడా చూడు. ఆ ప్రాంతంలో పారిశుధ్య పని చేసే మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగు మాధ్యమం విభాగం అక్కడ ఇంకా నడుస్తోందంటున్నావు. పిల్లలు తక్కువని వాళ్లకు స్టోరు పక్కన చీకటి గది కేటాయించడం ఆనవాయితీ. కొత్త భవనంలో గదులు పంచేటప్పుడు ఆ పిల్లలకూ గాలి వెలుతురున్న గదే ఇప్పించు.

కాంట్రాక్టరు ఎస్టిమేట్ కంటే బాగా తక్కువకు టెండరు వేసి వచ్చాడంటే, ఆ తగ్గిన సొమ్మును ఎక్కడో ఒకచోట మిగుల్చుకుంటాడు. సాధారణంగా అది కనబడకుండా కప్పుకుపోయే చోటే జరుగుతుంది. పునాది కడ్డీలు, స్తంభాల రింగులు, నేలలో వేసే గొట్టాలు, ఇవి మూసేముందు నువ్వు ఉండాలి, తేదీతో ఫోటో ఉండాలి. నువ్వు కొలవని కొలత బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకం ఎం-బుక్‌లో రాయవద్దు, ఎవరు చెప్పినా సరే. అతనితో కఠినంగా మాట్లాడనక్కర్లేదు. బిల్లు ఆలస్యం కాకుండా చూస్తూ, పని తప్పితే మాత్రం విప్పించి మళ్లీ చేయించు. మంచి మేస్త్రీలు అలాంటి ఇంజనీరునే గౌరవిస్తారు.

భవనం అప్పగించే రోజున తాళంచెవులతో పాటు గొట్టాల నక్షా, కరెంటు నక్షా ఒక్కో ప్రతి ప్రధానోపాధ్యాయురాలి బీరువాలో పెట్టించు. రేపు గోడకు మేకు కొట్టేవాడికి లోపల వైరు ఎక్కడుందో తెలియాలి. లోపాలను కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు ముగియకముందు వచ్చే మొదటి కార్తీక వానలో, వాన పడుతూ ఉండగానే గొడుగు వేసుకొని వెళ్లి ప్రతి గదీ తిరుగు. ఎండలో వెళితే ఏ లోపమూ కనబడదు.

ఆదివారం ఉదయం తొమ్మిదికల్లా ఆ బడి దగ్గరికి వస్తాను. మట్టి పరీక్ష నివేదిక, లెవెల్ పుస్తకం పట్టుకురా. వీధి మ్యాన్‌హోల్ మూత తీయడానికి మనిషిని ముందే చెప్పి ఉంచు. సుత్తి నేను తెస్తాను. మీ అమ్మకు నా మాటగా చెప్పు, భోజనానికి మీ ఇంటికే వస్తామని.

ఇట్లు,
మీ మామయ్య