హాస్టల్ కుర్రవాళ్ల ఒంటరితనం మీద నాటిక: పరిషత్తు పద్ధతి మేలా, ప్రయోగమా?

గుంటూరులో పోటీ పరీక్షలకు చదువుతూ, చేతిలో డబ్బు లేక స్నేహితులకు దూరమవుతున్న కుర్రవాళ్ల మీద నాటిక వేయదలచి, ఏ పద్ధతి నప్పుతుందని అడిగారు. విజయవాడలో ఇదే విషయం మీద ఒక చిన్న బృందంతో పనిచేసినవాడిగా నేను ఫోరం థియేటర్‌నే సూచిస్తాను.

బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ 1970లలో ప్రవాసంలో ఉండగా రూపొందించిన ఈ పద్ధతిలో, అణచివేతకు లోనైన పాత్ర ఓడిపోయే ఘట్టాన్ని ముందు ఆడతారు. దాన్నే మళ్లీ మొదలుపెట్టినప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా ‘ఆపండి’ అని లేచి, ఆ పాత్రలోకి వచ్చి, తామైతే ఏం చేసేవారో చేసి చూపుతారు. నాటక పరిషత్తుల పోటీలకు రాసే నాటికలో చివరికి ఉద్యోగమైనా రావాలి, చావైనా రావాలి. ఈ విషయానికి ఆ రెండూ అన్యాయమే.

మా ఘట్టం మామూలుది. పక్క గది మిత్రుడి పుట్టినరోజు విందుకు తలా కొంత వేసుకోవాలి. మన కుర్రవాడు ఊరెళ్తున్నానని అబద్ధమాడి, లైటు తీసేసి గదిలోనే ఉండిపోతాడు. అమ్మ ఫోన్ చేస్తే ‘తిన్నానమ్మా’ అంటాడు. మొదట లేచిన యువకుడు ‘నా దగ్గర డబ్బుల్లేవురా’ అని నేరుగా చెప్పాడు. మిత్రుడి వేషంలోని నటుడు ‘నేను వేస్తాలే, తర్వాత ఇద్దువుగాని’ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు గానీ, ఆ యువకుడు మాత్రం మాట పెగలక నిలబడిపోయాడు. సాయం దొరికినా మనిషి ఎందుకు ముడుచుకుపోతాడో మేము రాసుకున్న సంభాషణలేవీ అంతగా చెప్పలేదు. తర్వాత మెస్సు నడిపే ఒకావిడ లేచి, ఫోన్‌లో అమ్మతో ‘తినలేదు’ అన్నారు. తల్లి వేషం వేసిన అమ్మాయి కాసేపు తడుముకొని, ‘ఎవరినైనా అప్పడగనా నాన్నా’ అంది. అక్కడితో చర్చ కుర్రవాడి బిడియాన్ని దాటి కౌలు, వడ్డీ, కోచింగ్ ఫీజుల దాకా వెళ్లింది.

విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి పెద్ద వేదిక దీనికి పనికిరాదు, ఎందుకంటే అంత ఎత్తుకు ఎక్కి రావడానికి ప్రేక్షకుడు జంకుతాడు. బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ కలకత్తాలో ‘థర్డ్ థియేటర్’ పేరిట వేదికనూ సెట్టింగులనూ వదిలేసినట్లే, మేమూ హాస్టల్ మేడ మీద చాపలు పరిచి ఆడాము, ఖర్చూ లేదు. ఆటను నడిపే వ్యక్తిని (బోల్ ‘జోకర్’ అన్నాడు) జాగ్రత్తగా ఎంచుకోండి: ఎవరైనా లాటరీ తగిలిందన్నట్లు సమస్యను మాయం చేస్తే, ‘ఇది నిజంగా జరుగుతుందా?’ అని ప్రేక్షకులనే అడగాలి తప్ప తాను తీర్పు చెప్పకూడదు. ఎవరినీ సొంత కథ చెప్పమని బలవంతపెట్టవద్దు. అమ్మాయిల హాస్టల్లో ఆడేటప్పుడు ఘట్టం వేరుగా రాసుకోండి. అక్కడ డబ్బుకు తోడు రాత్రి గేటు మూసే వేళ కూడా ఒక పాత్రే.